జూన్ మార్కులు చూసి షో డిజైన్ మీద తీర్పు చెప్పేయకండి

అన్నయ్య గారూ, మీరు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్తా, చదివే మిగతావాళ్ళకీ తెలియాలి కదా. మీ అమ్మాయి ఈ ఏడాదే మొదటిసారి ఒక వరల్డ్ క్లాస్ డ్రమ్ కోర్‌లో, అంటే అమెరికాలో ఊరూరా పోటీలకి తిరిగే పై స్థాయి బ్రాస్, డ్రమ్ముల బృందంలో, జెండాలు తిప్పే కలర్ గార్డ్‌గా చేరింది. జూన్ ఆఖర్లో మీరు వెళ్ళి రెండు షోలు చూసొచ్చారు, మార్కుల్లో వాళ్ళది ఎనిమిదో చోటు, ఇంక అక్కణ్ణుంచి మీ డాలస్ స్నేహితుల్లో రెండు పార్టీలు అయిపోయాయి. ఒకళ్ళేమో ఈ షో ఎవడికీ అర్థం కాదు, నోటికి పట్టే ట్యూన్ ఒక్కటి లేదు, ఆగస్టుకి పన్నెండులో కూడా ఉండరు అంటున్నారు. ఇంకొకళ్ళేమో డిజైన్ టీం పేర్లు చూశారా, టాప్ ఫైవ్ రాసి పెట్టుకోండి అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి, పిల్లకి ఏం చెప్పాలి అని అడిగారు.

నేను ఇండియానాపొలిస్ పక్కనే ఉంటాను. మా అబ్బాయి మూడు సమ్మర్లు పిట్‌లో, అంటే గ్రౌండ్ ముందు కదలకుండా నిలబడి వాయించే వరసలో, మరింబా వాయించాడు, ఆ మూడేళ్ళూ వాళ్ళ కోర్ ఫుడ్ ట్రక్‌లో నేను వంట చేశా, వాడు వయసు దాటి ఏజ్ అవుట్ అయిపోయాక కూడా ప్రతి జులైలో రెండు వారాలు సెలవు పెట్టి వెళ్ళి చేస్తూనే ఉన్నా. రోజుకి నాలుగు పూటలు, రెండొందల మందికి పైగా. ట్రక్ వెనక తలుపు తీస్తే రిహార్సల్ గ్రౌండే కనిపిస్తది కాబట్టి ఉల్లిపాయలు తరుగుతూనే ఇన్నేళ్ళలో చాలా షోలు పుట్టడం, పెరగడం, కొన్ని మధ్యలో ఆగిపోవడం దగ్గర్నుంచి చూశాను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

నా మాట ఏంటంటే ఆ రెండు పార్టీలూ షో బాగుందా లేదా అని కొట్టుకుంటున్నాయి, చూడాల్సింది అది కాదు. ఆ షోలో పిల్లలు ఇంకా సంపాదించుకోవడానికి ఎంత చోటు మిగిలుంది అన్నది చూడాలి.

దీనికి మా ఇంటి సంగతి ఒకటి చెప్తా. మా నాన్నగారు గుంటూరు జిల్లాలో పరిషత్తు నాటకాలు ఆడేవారు. పరిషత్తు పోటీలు చూసినవాళ్ళకి తెలుసు, ఉత్తమ రచన వేరు, ఉత్తమ ప్రదర్శన వేరు, రంగాలంకరణ వేరు, ఆహార్యం వేరు, అన్నిటికీ విడివిడిగా ప్రైజులు. ఒక ఏడాది వాళ్ళ నాటకానికి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, మేమంతా ప్రైజు మనదే అనుకుని తెల్లారేదాకా కూర్చున్నాం, చివరికి మూడో బహుమతి కూడా రాలేదు. ఇంటికొస్తూ బస్సులో నాన్న ఒకటే మాటన్నారు, "రాసినదాంట్లో మాకు ఆడటానికి ఉన్నదంతా ఆడేశామమ్మా, అంతకంటే అందులో ఏమీ లేదు" అని. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, అర్థం కాలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత మా వాడి కోర్ రీక్యాప్ షీటు, అదే మార్కుల పట్టీ, చేతిలో పట్టుకున్నప్పుడు అర్థమైంది.

డ్రమ్ కోర్ గురించి బొత్తిగా తెలియనివాళ్ళకి కొంచెం. ఇది స్కూల్ మార్చింగ్ బ్యాండ్ కాదు, క్లారినెట్లు ఫ్లూట్లు ఉండవు, ఇత్తడి వాయిద్యాలు, డ్రమ్ములు, జెండాలూ చెక్క రైఫిళ్ళూ కత్తులూ ఎగరేసి పట్టే కలర్ గార్డ్, ఇవే. ఒక కోర్‌లో 165 మంది దాకా ఉండొచ్చు, ఎక్కువమంది కాలేజీ వయసు పిల్లలు. ఏడాదికి ఒకటే షో, పదకొండు పన్నెండు నిమిషాలు, దాన్నే మే నెల నుంచి ఆగస్టు రెండో వారం దాకా ఊరూరా తిరుగుతూ హైస్కూల్ జిమ్‌లలో నేల మీద పడుకుంటూ అరగదీస్తారు. పోటీలు నడిపేది డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్, అంటే డీసీఐ, 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో మొదటి ఛాంపియన్‌షిప్ పెట్టారు. 2009 నుంచి ఫైనల్స్ మా ఊళ్ళోనే, లూకస్ ఆయిల్ స్టేడియంలో. గురువారం ప్రిలిమ్స్, అందులోంచి 25 కోర్‌లు శుక్రవారం సెమీస్‌కి, అందులోంచి 12 శనివారం ఫైనల్స్‌కి. మీవాళ్ళు "పన్నెండు" అని జపం చేసేది దీని గురించే.

ఇప్పుడు మార్కులు. ఇది సరిగ్గా తెలిస్తే సగం గొడవ ఉండదు. మొత్తం 100లో జనరల్ ఎఫెక్ట్‌కి, అంటే షో మొత్తంగా ఎంత కదిలించిందన్నదానికి, 40, విజువల్‌కి 30, మ్యూజిక్‌కి 30. విజువల్‌లో ప్రొఫిషియెన్సీ, అనాలిసిస్, కలర్ గార్డ్ అని మూడు క్యాప్షన్లు, అంటే విభాగాలు, ఒక్కొక్కటి 20కి వేసి మూడూ కూడి సగం చేస్తారు, మ్యూజిక్‌లోనూ అంతే, బ్రాస్, పెర్కషన్, మ్యూజిక్ అనాలిసిస్. ఎఫెక్ట్‌లో మాత్రం ఇరవైకి వేసే రెండు మార్కులూ సగం చేయకుండా నేరుగా కలుస్తాయి. అంటే గార్డ్ జడ్జి అర మార్కు ఎక్కువేస్తే మొత్తంలో పావు మార్కే పెరుగుద్ది, ఎఫెక్ట్ జడ్జి అర మార్కు ఎక్కువేస్తే పూర్తిగా అర మార్కూ పెరుగుద్ది. ఫ్యాన్స్ అరిచే అరుపులకి విలువ లేదని ఎవరైనా అంటే ఈ 40 గుర్తు చేయండి.

ఇంకా అసలు సంగతి ఉంది. ప్రతి ఇరవైలోనూ మళ్ళీ రెండు పదులు ఉంటాయి. ఒక పది ఆ షోలో ఏం రాశారు, ఎంత లోతుగా కష్టంగా రాశారు అన్నదానికి, అది కంటెంట్, ఇంకో పది రాసినదాన్ని పిల్లలు ఎంత బాగా చేశారు అన్నదానికి, అది అచీవ్‌మెంట్. రచనకీ ప్రదర్శనకీ విడివిడిగా, అచ్చం మా పరిషత్తులాగే. ఈ పద్ధతి 1984 నుంచి వచ్చింది, అంతకుముందు టిక్ సిస్టం, ఎవడి కాలు తప్పినా ఎవడి కర్ర జారినా టిక్కుకి పదో వంతు మార్కు చొప్పున కోసుకుంటూ పోయేవాళ్ళు. అలాంటప్పుడు కష్టమైనది రాయడం అంటే కోరి కోత పెట్టించుకోవడమే కదా. టిక్కులు పోయాకే డిజైన్ అనేదానికి ఇంత బలం వచ్చింది, డిజైనర్లు సూపర్ స్టార్లు అయ్యారు, అలాగే మనం ఇలా వాదించుకోవడమూ ఎక్కువైంది.

సరే, మీరు పంపిన రీక్యాప్ దగ్గరికి వద్దాం. మీ స్నేహితులెవరూ అందులో కుడివైపున ఉన్న టోటల్ తప్ప ఏదీ చదివినట్టు లేరు. మొత్తం మీద ఎనిమిది. పెర్కషన్‌లో ఆరు. బ్రాస్‌లో పదకొండు. గార్డ్‌లో ఏడు, కానీ ఆ ఏడుని విప్పి చూడండి, కంటెంట్ పదిలో వాళ్ళు ఐదో చోట ఉన్నారు, అచీవ్‌మెంట్ పదిలో తొమ్మిదో చోట. అంటే జడ్జి ఏమంటున్నాడు? మీ అమ్మాయి వాళ్ళకి రాసిచ్చిన పని ఐదో స్థాయిది, ప్రస్తుతానికి వాళ్ళు చేస్తున్నది తొమ్మిదో స్థాయిలో ఉంది అని. ఇది జూన్‌లో చాలా మంచి వార్త. ఎందుకంటే చేసే తీరు ఆరు వారాల్లో మారుద్ది, రాసినది అంత తేలిగ్గా మారదు. ఇదే తలకిందులుగా ఉండి కంటెంట్ తొమ్మిది, అచీవ్‌మెంట్ ఐదు అయ్యుంటే నేను భయపడేదాన్ని. ఇల్లు అలకగానే పండగ కాదు అంటారే, జూన్‌లో క్లీన్‌గా కనబడే షో చాలాసార్లు అలికిన ఇల్లే.

మా అబ్బాయి రెండో ఏడాది సరిగ్గా అదే జరిగింది. కోర్ పేరు వద్దులెండి. మంచి ట్యూన్లు, అందరికీ తెలిసిన కథ, జూన్‌లోనే జనం లేచి నిలబడేవాళ్ళు, మేం తల్లిదండ్రులమంతా ఈసారి మనదే అని ఎగిరాం. జులై రెండో వారానికల్లా పిల్లలు దాన్ని తుడిచి అద్దంలా చేసేశారు. ఆ తర్వాత రోజుకి పన్నెండు గంటలు రిహార్సల్ చేసినా మార్కు కదలదు. జడ్జీలు షో చూస్తూ రికార్డ్ చేసిన టేపుల్లో మాటలు మా వాడు చెప్పేవాడు, పిల్లలు అద్భుతంగా చేస్తున్నారు అంటారట, మార్కు మాత్రం నిన్నటిదే. పక్కనున్న కోర్‌లు ఒక్కొక్కటే దాటి వెళ్ళిపోయాయి. ఆగస్టులో ఏడ్చిన పిల్లల్ని చూస్తే, వాళ్ళ తప్పు రవ్వంత కూడా లేదు, వాళ్ళకి ఆడటానికి ఇచ్చినది అయిపోయింది, అంతే.

మూడో ఏడాది షో మీ అమ్మాయి వాళ్ళది లాంటిదే. అర్థం కాదు, నల్ల బట్టలు, ఎక్కడ చప్పట్లు కొట్టాలో తెలియదు, మొదటి షోలో ముగింపే లేదు, ఆఖరి నిమిషంన్నర నిలబడి వాయించేసి వెళ్ళిపోయారు. నాకూ నచ్చలేదు, నచ్చలేదని వాడితో అన్నాను కూడా. ఆ జులైలో టెక్సాస్‌లో ఒక స్కూల్ గ్రౌండ్ దగ్గర ఆగినప్పుడు చూసింది నా కళ్ళల్లో ఇంకా ఉంది. రాత్రి తొమ్మిదవుతున్నా నేల నుంచి సెగ కొడుతోంది. సైడ్‌లైన్ పొడుగునా నీళ్ళ జగ్గులు వరసగా పెట్టి ఉన్నాయి, స్పీకర్‌లోంచి మెట్రోనోమ్ టక్ టక్ టక్. గార్డ్ పిల్లలు ముప్పై మందికి పైగా, రైఫిల్ ఎగరేసి అది గాల్లో ఆరు చుట్లు తిరిగేలోపు తాము ఒక చుట్టు తిరిగి నాలుగు అడుగులు పక్కకి వెళ్ళి పట్టుకోవాలి, పట్టుకున్న ఆ కౌంట్ మీదే హార్న్ లైన్, అదే ఇత్తడి వాయిద్యాల వరస, పేలాలి. మొదటిసారి పదకొండు రైఫిళ్ళు నేల మీద. టవర్ మీంచి "రీసెట్" అని ఒక్క మాట, తిట్టు లేదు పొగడ్త లేదు, అందరూ పరుగెత్తి మళ్ళీ తమ డాట్ మీదకి, అంటే తాము మొదలుపెట్టిన చోటికి. నేను నాలుగో పూట భోజనానికి బ్రెడ్డు ముక్కలు పరుస్తూ లెక్కపెట్టా, పద్నాలుగు రీసెట్లు. పద్నాలుగోసారి అన్ని చేతులూ ఒకేసారి, చెక్క మీద అరచేయి తగిలే చప్పుడు ఒకటే చప్పుడుగా వినిపించింది, వెంటనే ఆ బ్రాస్. నా చేతిలో చాకు ఆగిపోయింది. అర్థం కాలేదన్న షో అదే. ముందు సంవత్సరం షోలో అలాంటి పద్నాలుగో సారి ఒక్కటి కూడా రాసి లేదు, చోటంటే నా ఉద్దేశం అది. ఆ ఏడాది ముందటేడు కంటే మూడు చోట్లు పైన ముగించారు.

ఇక చరిత్ర. "జనానికి నచ్చకపోతే ఓడిపోతారు" అనేవాళ్ళకి 1993 చెప్పండి. స్టార్ ఆఫ్ ఇండియానా, మా పక్క ఊరు బ్లూమింగ్టన్ వాళ్ళే, 1991లో గెలిచిన కోర్. రెండేళ్ళకి బార్టోక్, బార్బర్ సంగీతంతో ఒక చీకటి షో తెచ్చారు, ఎక్కడా చప్పట్ల కోసం ఆగదు, తియ్యగా ఉండదు, ఒంట్లో కదలిక కూడా అప్పటిదాకా ఎవరూ చూడని రకం. స్టాండ్స్‌లో బూ అని అరిచినవాళ్ళున్నారు. ఫైనల్స్‌లో ఇంకో కోర్ క్యాడెట్స్‌కి 97.4, స్టార్‌కి 97.3, ఒక్క పదో వంతు. ఆ తర్వాత వాళ్ళు పోటీల్లోంచే తప్పుకుని స్టేజీ ప్రదర్శనల వైపు వెళ్ళి బ్రాడ్‌వే దాకా చేరారు, 2001లో టోనీ అవార్డు కూడా తెచ్చుకున్నారు. ఇవాళ ఏ డిజైనర్‌ని కదిపినా ఆ 1993 షో పేరెత్తుతారు, మీ అమ్మాయి ఇప్పుడు చేస్తున్న బాడీ వర్క్‌కి, ఆ ఒంటి కదలికలకి, తాతమ్మ లాంటిది ఆ షో. అర్థం కాలేదన్న జనం ఎదురుగానే అది రెండో చోటులో నిలబడింది, గెలుపు అంచు దాకా వచ్చింది, ఎందుకంటే అందులో రాసింది అంత ఉంది, పిల్లలు దాన్ని అంత చేశారు.

అలాగని జనం అక్కర్లేదు అని కూడా నేను అనను, ఇక్కడ మీ మొదటి పార్టీ వాళ్ళ వైపు కొంచెం న్యాయం ఉంది. 2008 ఫాంటమ్ రెజిమెంట్ చూడండి, ఇలినాయ్‌లోని రాక్‌ఫర్డ్ వాళ్ళు. స్పార్టకస్ కథ, బానిసల తిరుగుబాటు, ఐదేళ్ళ పిల్లాడికి కూడా అర్థమైపోద్ది. ముందు రాత్రి సెమీస్‌లో ఇంకో పెద్ద కోర్ బ్లూ డెవిల్స్ పైన ఉన్నారు. ఫైనల్స్ రాత్రి ఫాంటమ్‌కి 98.125, బ్లూ డెవిల్స్‌కి 98.100. ఇరవై ఐదు వెయ్యో వంతులు అన్నయ్య గారూ, జడ్జీల్లో ఒక్కరు ఒక్క క్యాప్షన్‌లో పదో వంతు మార్కు ఇటు కాకుండా అటు వేసుంటే ఫలితం తిరగబడేది. ఆ రాత్రి ఆ షో ఆ జనంతో కలిసిపోయిన తీరు ఎఫెక్ట్ జడ్జీలని తాకలేదని ఎవరంటారు, వాళ్ళూ మనుషులే కదా, వాళ్ళ షీటులో అడిగేదే అది, నిన్ను కదిలించిందా అని. కానీ ఒకటి గమనించండి, ఫాంటమ్ షో అర్థమయ్యేది కాబట్టి మాత్రమే గెలవలేదు, ఆ హార్న్ లైనూ ఆ డ్రమ్ లైనూ ఆ రోజుకి ఉన్న స్థాయి అది. తేలిక షో అయ్యుంటే ఆ అరుపులు వాళ్ళని 98 దాకా మోసేవి కాదు.

బ్లూకోట్స్ సంగతి ఇంకో రకం. ఒహాయోలోని కాంటన్ వాళ్ళు, 1972లో పుట్టిన కోర్, 2014లో టిల్ట్ అనే షోతో మొదటిసారి రెండో చోటుకి వచ్చారు. ఆ ఏడాది గెలిచిన బ్లూ డెవిల్స్‌కి 99.65, డీసీఐలో అంతకు మించిన మార్కు లేదు, అంటే ఆ ఏడాది మొదటి చోటు ఎవరికీ అందేది కాదు. అయినా వీళ్ళు దారి మార్చలేదు. 2016లో డౌన్ సైడ్ అప్ అని గ్రౌండ్ మీద పెద్ద పెద్ద వంపు ర్యాంపులు పెట్టి పిల్లలు వాటి మీంచి జారుతూ వాయించేవాళ్ళు, టోపీలు లేవు, పాత సైన్యం యూనిఫాంలు లేవు. పాత ఫ్యాన్స్‌కి అప్పుడు ఎంత కోపం వచ్చిందో నాకు బాగా గుర్తుంది, ఇది డ్రమ్ కోరే కాదన్నారు. వాళ్ళ మొదటి టైటిల్ అదే షోకి వచ్చింది, ఆ తర్వాత మిగతావాళ్ళూ ఒక్కొక్కరే టోపీలు తీసేశారు. 2024లో మళ్ళీ గెలిచారు.

మీ రెండో పార్టీ వాళ్ళకి, అదే డిజైన్ టీం పేర్లు చూసి టాప్ ఫైవ్ అనేవాళ్ళకి, బోస్టన్ క్రుసేడర్స్ కథ చెప్పండి. 1940లో పెట్టిన కోర్. 2016లో పన్నెండో చోటు. ఆ చలికాలంలో డిజైన్ టీం మార్చారు, 2017లో ఒక్కసారిగా ఆరో చోటు. చూశారా పేర్లతో ఎంత మారిందో అంటారు, నిజమే, మారింది. కానీ ఆరు నుంచి ఒకటికి రావడానికి 2025 దాకా పట్టింది. మధ్యలో 2022లో రెండు, 2024లో మళ్ళీ రెండు. పెద్ద డిజైనర్ వచ్చి పైకప్పు ఎత్తుగా కట్టగలడు, కానీ ఆ ఎత్తు అందుకునే పిల్లలు ఆడిషన్లకి రావాలి, ఉన్న పిల్లలు మళ్ళీ వచ్చే ఏడాదికి తిరిగి రావాలి, నేర్పేవాళ్ళు నిలవాలి, బస్సులు ట్రక్కులు నడవాలి. ఈ ఆఖరిదాన్ని ఫ్యాన్స్ ఎవరూ లెక్కలోకి తీసుకోరు. శాంటా క్లారా వ్యాన్‌గార్డ్ 2018లో గెలిచిన కోర్, 2023లో డబ్బు ఇబ్బందులతో రోడ్డు మీదకే రాలేదు, 2024లో తిరిగొచ్చారు. క్యాడెట్స్ 1934 నాటి కోర్, పది టైటిళ్ళు, 2024లో మూతపడిపోయింది. నేను ఆ వార్త చదివిన రోజు వంట చేయలేకపోయాను. అందుకని ఒక కోర్ భవిష్యత్తు గురించి నన్ను అడిగితే డిజైనర్ పేరు కంటే ముందు, గార్డ్‌లో రెండో మూడో ఏడాది పిల్లలు ఎంతమంది ఉన్నారు అని అడుగుతా.

మరి మీ అమ్మాయి వాళ్ళ షో. మీరు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను, పైనుంచి తీసింది కాబట్టి బాగా కనిపించింది. నెమ్మదిగా సాగే బ్యాలడ్ చాలా బాగుంది, ఒక్క అమ్మాయి జెండాతో గ్రౌండ్ ఎడమ పక్క ఒంటరిగా మిగిలిపోయి మిగతా 160 మందికి పైగా వీపు తిప్పుకుని నిలబడే చోట నాకు కళ్ళు చెమర్చాయి, అదేం కథ అని ఎవరైనా అడిగితే చెప్పలేను, చెప్పక్కర్లేదు కూడా. ఓపెనర్‌లో, అంటే షో మొదటి భాగంలో, మాత్రం లోపం ఉంది, మొదటి రెండు నిమిషాలు కన్ను ఎక్కడికి పోవాలో తెలియట్లేదు, పిట్ దగ్గర ఒకటి, ప్రాప్స్ మీద ఒకటి, డ్రమ్ములు వెనకెక్కడో ఇంకొకటి. మీవాళ్ళు అర్థం కాలేదు అంటున్నది నిజానికి ఇదే అయ్యుంటది, థీమ్ గొడవ కాదు, చూపు గొడవ. ఇది దిద్దుకోగలిగిన లోపం, జులైలో దిద్దుతారు కూడా, అందుకే షో అయ్యాక జడ్జీలతో మాట్లాడే క్రిటిక్‌లో కూర్చునేది. క్లోజర్ ఆఖరి నిమిషం ఇంకా నిలబడే వాయిస్తున్నారు అంటే దానికి డ్రిల్, అదే గ్రౌండ్ మీద కదలికలు, ఇంకా నేర్పలేదని, జూన్‌లో మామూలే, అసలు బట్టలు కూడా రాలేదని మీరే అన్నారు.

నన్ను కలవరపెట్టేది బ్రాస్‌లో ఆ పదకొండు. అక్కడ కంటెంట్ ఎనిమిది, అచీవ్‌మెంట్ పదకొండు. వీడియోలో వింటే మెల్లోఫోన్లు, అవీ ఒక రకం బూరలే, వేగంగా వాయించే స్వరాల పరుగుల్లో ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు, పరుగెత్తుతూ వాయించే చోట శబ్దం సన్నబడిపోతోంది. గార్డ్ కంటే హార్న్ లైన్ బాగుపడటం నెమ్మది, ఊపిరీ పెదవీ ఒక్క సీజన్‌లో తయారయ్యేవి కావు. పైగా బ్రాస్ బాగోకపోతే ఆ ఒక్క క్యాప్షన్‌తో పోదు, మ్యూజిక్ అనాలిసిస్‌నీ లాగుద్ది, ఎఫెక్ట్‌నీ లాగుద్ది. కరోలినా క్రౌన్ 2013లో మొదటిసారి గెలిచినప్పుడు ఆ కోర్‌ని మోసింది హార్న్ లైనే, అలాంటి హార్న్ లైన్ ఎన్నో ఏళ్ళ పని.

కాబట్టి నా లెక్క ఇది. ఫైనల్స్‌కి వస్తారు, దాంట్లో నాకు పెద్ద అనుమానం లేదు. టాప్ ఫైవ్ రాదు. ఆరుకీ తొమ్మిదికీ మధ్య, బ్రాస్ ఎనిమిది దాకా పాక్కుంటూ వస్తే ఆరో ఏడో. పైనున్న నలుగురైదుగురిని ఆగస్టులో దాటాలంటే రాసినదాంట్లోనే వాళ్ళంత ఉండాలి, మీ రీక్యాప్‌లో గార్డ్ ఒక్కదానికే అది ఉంది.

ఇంకో సంగతి, కాలిఫోర్నియాలో ఒక కోర్‌కి వచ్చిన మార్కునీ ఒహాయోలో ఇంకో కోర్‌కి వచ్చిన మార్కునీ పక్కపక్కన పెట్టి ర్యాంకులు వేస్తున్నారు మీ స్నేహితులు, అది చేయొద్దని చెప్పండి. వేరే రాత్రి, వేరే జడ్జీలు, వేరే స్టేడియం. పెద్ద కోర్‌లన్నీ ఒకే రాత్రి ఒకే జడ్జీల ముందుకొచ్చేది జులైలో శాన్ ఆంటోనియోలో, అలమోడోమ్‌లో. అప్పటిదాకా ఎనిమిది అన్నది ఎనిమిది కాదు. అక్కణ్ణుంచి అట్లాంటా, ఆ తర్వాత పెన్సిల్వేనియాలో అలెన్‌టౌన్. బ్లూ డెవిల్స్ లాంటి కోర్‌లు అలెన్‌టౌన్ అయ్యాక కూడా షోలో కొత్త ముక్కలు వేస్తూనే ఉంటారు, 21 టైటిళ్ళు ఊరికే రాలేదు. మీ అమ్మాయి ఫోన్ చేసి "నాన్నా నిన్న నేర్చుకున్నదంతా ఇవాళ తీసేశారు" అని ఏడిస్తే కంగారు పడకండి, పని నడుస్తోందని అర్థం. మా వాడు మూడో ఏడాది కొత్త ముగింపు మూడు రోజుల్లో నేర్చుకున్నాడు. ఆ మూడు రాత్రులు ఎవడికీ అన్నం సయించలేదు, ఇంట్లోంచి తెచ్చుకున్న చింతపండు పులుసుతో పులిహోర కలిపి పెడితే రెండు ట్రేలు పది నిమిషాల్లో ఖాళీ చేశారు, జన్మలో ఎప్పుడూ తినని పిల్లలు.

పిల్లకి ఏం చెప్పాలి అన్నారు కదా, ర్యాంకుల సంగతి ఏమీ చెప్పకండి. తను ఎగరేసి పట్టే టాస్ ఎన్నిసార్లకి చేతిలో పడుతోంది అని మాత్రం అడగండి, దానికి సమాధానం తన చేతుల్లో ఉంటది.

మీరు డాలస్‌లోనే కాబట్టి శాన్ ఆంటోనియోకి ఎలాగూ వెళ్తారు. టికెట్లు కిందవి తీసుకోకండి, ఖరీదు ఎక్కువా, డ్రిల్ కనబడదు. గ్రౌండ్ మధ్యలో ఉండే యాభై గజాల గీత దగ్గర, వీలైనంత పైన కూర్చోండి. మొదటి రెండు నిమిషాల్లో మీ కన్ను ఎటు పోయిందో గుర్తుపెట్టుకోండి, క్లోజర్ ఆఖరి నిమిషంలో పిల్లలు నిలబడి ఉన్నారో కదులుతున్నారో చూడండి, ఆ రాత్రి రీక్యాప్ రాగానే బ్రాస్, గార్డ్ రెండు వరసలూ నాకు పంపండి. ఆ వారం నేను ట్రక్‌లోనే ఉంటా, అర్ధరాత్రి గిన్నెలు కడగడం అయ్యాక చూసి చెప్తాను.